గుల్లకు చిప్ప ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా కాపాడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకినాడ తీరంలో ఏరుకున్న చిప్ప కావచ్చు, చెరువు ఎండినప్పుడు బయటపడ్డ ఆల్చిప్ప కావచ్చు, రొయ్యల చెరువు గట్టున పోగుపడ్డ గుల్లలు కావచ్చు. వచ్చే సందేహాలు మాత్రం మళ్లీ మళ్లీ అవే. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఈ పేజీలో గుల్ల అంటే లోపలి జీవితో సహా మొత్తం, చిప్ప అంటే దాని రెండు పెంకుల్లో ఒకటి. గవ్వ, శంఖం, నత్త ఒంటి పెంకు జాతులు కాబట్టి వాటి జోలికి పోలేదు.

## పుట్టుక, ముడిసరుకు

గుల్ల చిప్పతోనే పుడుతుందా, తర్వాత వస్తుందా?

తర్వాతే వస్తుంది, కానీ ఎంతో సేపు పట్టదు. సముద్రపు గుల్లల్లో చాలా జాతులు గుడ్లనూ వీర్యాన్నీ నీళ్లలోకే వదిలేస్తాయి. గుడ్డు ఫలదీకరణ చెందిన ఒకటి రెండు రోజుల్లో పిల్లకు చిప్ప వచ్చేస్తుంది. ముందు దాని వీపు మీద చిన్న గ్రంథి ఒకటి పలచటి పొరను స్రవిస్తుంది. ఆ పొర రెండుగా మడతపడుతుంది, తర్వాత అందులో సున్నం చేరుతుంది. అప్పుడు పిల్ల సైజు 0.1 మిల్లీమీటరు లోపే. పక్క నుంచి చూస్తే ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా ఉంటుంది, హాచరీల్లో (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోట్లలో) దాన్ని డి-లార్వా అంటారు. రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూ తిరిగి, పాదం ఏర్పడ్డాక అడుగుకు దిగుతుంది. అసలు చిప్ప కట్టడం అక్కడ మొదలవుతుంది. లేత గుల్ల మొనను (కీలు దగ్గరి ఉబ్బెత్తు భాగాన్ని) మైక్రోస్కోపు కింద పెడితే లార్వా చిప్ప ఎక్కడ ఆగిందో, పెద్ద చిప్ప ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది.

చిప్ప ఎముక లాంటిదేనా?

కాదు. ఎముకలో ఉండేది కాల్షియం ఫాస్ఫేట్, చిప్పలో ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి. బరువులో 95 నుంచి 99 శాతం అదే. మిగతాది ప్రొటీన్లు, కైటిన్ లాంటి సేంద్రియ పదార్థం. ఎముకలో బతికున్న కణాలుంటాయి, రక్తం పారుతుంది. చిప్పలో అవేవీ లేవు. ఆ లెక్కన అది మన గోరుకు దగ్గర. ఈ సున్నం రెండు రకాల స్ఫటికాలుగా దొరుకుతుంది: కాల్సైట్, అరగొనైట్. తినే గుల్లల్లో ఎక్కువ జాతుల చిప్ప అరగొనైటే. కాకినాడ అఖాతంలో దొరికే పలచటి, వెలుగు దూరే గాజుచిప్ప (ప్లాక్యూనా ప్లాసెంటా) మాత్రం కాల్సైట్. గోవా పాత ఇళ్ల కిటికీలకు అద్దాల బదులు బిగించింది ఈ జాతి చిప్పల్నే.

అంత సున్నం ఎక్కడి నుంచి వస్తుంది? బురద తింటుందా?

బురదలో ఉంటుంది గానీ సున్నం బురద నుంచి రాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం కరిగి ఉంటుంది. గుల్ల దాన్ని మొప్పల ద్వారా, చిప్ప లోపలి వైపు అంటి ఉండే మాంటిల్ అనే కండపొర ద్వారా నేరుగా లాక్కుంటుంది. కార్బొనేటు కూడా నీళ్లలో కరిగిన బైకార్బొనేటు నుంచే ఎక్కువ వస్తుంది, దాని సొంత శ్వాసలో తయారయ్యే కార్బన్ డయాక్సైడ్ వాటా తక్కువ. వడకట్టి తినే సూక్ష్మ శైవలాలు ఇచ్చేది ప్రొటీనూ శక్తీ. సున్నానికి కొరత లేకపోయినా తిండి తక్కువైతే చిప్ప పెరగడం మందగించేది ఇందుకే.

మాంటిల్ అంటే ఏమిటి? అది చిప్పను ఎలా కడుతుంది?

గుల్లను విప్పితే రెండు చిప్పల లోపలి వైపూ అస్తరు గుడ్డలా అంటిపెట్టుకుని ఒక పలచటి కండపొర కనిపిస్తుంది. అదే మాంటిల్. కట్టే పని అంతా దానిదే, అందులోనూ అంచుదే.

ఆ అంచు మూడు మడతలుగా ఉంటుంది. బయటి మడత చిప్పను స్రవిస్తుంది. మధ్య మడత వెలుగునీ స్పర్శనీ పసిగడుతుంది. లోపలి మడత కండ, నీటి రాకపోకల్ని అదుపు చేస్తుంది. బయటి మడతకూ మధ్య మడతకూ నడుమ ఉన్న గాడి నుంచి ముందుగా గోధుమ రంగు పైతోలు వస్తుంది. ఆ తోలు చిప్ప అంచు మీదుగా బయటికి తిరిగి, మాంటిల్‌కూ చిప్పకూ మధ్య సందును మూసేస్తుంది. ఆ సందులో ఉండేది వెంట్రుకవాసి మందం ద్రవమే, కానీ బయటి సముద్రంతో దానికి నేరుగా సంబంధం తెగిపోయింది కాబట్టి దాని గుణాన్ని గుల్ల తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోగలదు. కాల్షియాన్ని లోపలికి తోస్తుంది, సున్నం గడ్డకట్టేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని బయటికి తోడేస్తుంది. ముందుగా పరిచిన ప్రొటీన్ల అల్లిక స్ఫటికం ఎక్కడ మొదలవ్వాలో, ఎటు తిరగాలో నిర్ణయిస్తుంది. చాలాసార్లు సున్నం మొదట ఆకారం లేని ముద్దగా దిగి, ఆ తర్వాత స్ఫటికంగా మారుతుంది. పైతోలు లేకపోతే ఈ పని మొదలే కాదు. దాన్ని ఉత్త రంగుపొర అనుకోవడమే అందరూ చేసే పొరపాటు.

చెరువులో దొరికే ఆల్చిప్ప కూడా ఇలాగే పుడుతుందా?

దాని పుట్టుక తీరే వేరు. మన చెరువుల్లో, కాలువల్లో ఉండే లామెల్లిడెన్స్ జాతి గుడ్లను నీళ్లలో వదిలేయదు, తన మొప్పల్లోనే పొదుగుతుంది. వచ్చే పిల్లలకు బుల్లి చిప్పల జత ఉంటుంది. బయటికొచ్చాక అవి చేప మొప్పలకో రెక్కలకో కరుచుకుని కొన్నాళ్లు పరాన్నజీవులుగా బతికి, తర్వాత రాలిపడి అడుగున స్థిరపడతాయి. చెరువులో తగిన చేప లేకపోతే పెద్ద ఆల్చిప్పలు ఎన్ని ఉన్నా కొత్త తరం రాదు.

## పెరుగుదల

చిప్ప చిన్నదైపోతే పీతలాగా విడిచేసి కొత్తది కట్టుకుంటుందా?

లేదు. పీత డొప్ప విడుస్తుంది, గుల్ల తన చిప్పను చచ్చేదాకా మోస్తుంది. అంచున కొత్త సున్నం చేర్చి వెడల్పు పెంచుకుంటుంది, లోపలి వైపంతా పూత పూసుకుంటూ మందం పెంచుకుంటుంది. కీలు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మొన అన్నిటికంటే పాతది, అది పసితనంలో కట్టిన భాగం. అంచు నిన్నటిది. చేతిలోకి తీసుకున్న పెద్ద చిప్పలో గోరంత చిప్ప, దానికంటే ముందు ఆవగింజంత చిప్ప అలాగే ఉన్నాయన్నమాట. చెరువు ఆల్చిప్పల మొన తెల్లగా పొట్టు రేగి ఉండటానికి కారణమూ ఇదే. అక్కడి పైతోలు పాతబడి అరిగిపోయి, కాస్త ఆమ్లగుణమున్న నీళ్లు సున్నాన్ని తినేస్తాయి.

చిప్ప మీద గీతలు లెక్కపెడితే వయసు తెలిసిపోతుందా?

బయటి గీతల్ని నమ్ముకుంటే తప్పు లెక్క వస్తుంది. పెరుగుదల ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ గీత పడుతుంది. చలికి ఆగితే ఏడాదికొక గీత. వరదకు, గుడ్లు పెట్టిన అలసటకు, పీత కొరికినందుకు, వలలో పడి తిరిగి వదిలినందుకు పడే గీతలు కూడా చూడటానికి అలాగే ఉంటాయి. చల్లటి దేశాల్లో ఏటి గీతలు తేటగా పడతాయి, మన తీరంలో వానాకాలమూ వరదలూ వాటిని కలగాపులగం చేస్తాయి.

సరిగ్గా చూడాలంటే చిప్పను కోయాలి. ఎండబెట్టిన చిప్పను ఎపాక్సీలో (గట్టిపడే జిగురులో) పొదిగి, మొన నుంచి ఎదుటి అంచు దాకా, అతి ఎక్కువ పెరిగిన దిశలో, వజ్రపు రంపంతో నెమ్మదిగా నీళ్లు పోస్తూ కోస్తారు. కోసిన ముఖాన్ని 400, 800, 1200 నంబరు గరుకు కాగితాల మీద వరుసగా అరగదీసి, మెరుగుపెట్టి, పలచటి ఆమ్లంలో కాసేపు ముంచి మైక్రోస్కోపు కింద చూస్తారు. రంపాన్ని అడ్డంగా పోనిస్తే గీతలు సాగినట్టు కనిపించి లెక్క చెడుతుంది. పొడిగా కోయకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

బాగా భద్రపడిన చిప్పల్లో ఏటి గీతలే కాదు, రోజువారీ గీతలు, పోటు-పాటు గీతలు కూడా ఉంటాయి. ఒమన్‌లో దొరికిన టోరైటెస్ అనే 7 కోట్ల ఏళ్ల నాటి రెండు చిప్పల జీవిలో వాటిని లెక్కపెట్టారు. అప్పట్లో ఏడాదికి 372 రోజులుండేవని 2020లో తేల్చారు. అంటే రోజు 23 గంటల 30 నిమిషాలే.

గుల్ల ఎన్నేళ్లు బతుకుతుంది?

జాతిని బట్టి. మన నదుల మొగల్లో ఏరే రకాలు మహా అయితే కొద్ది ఏళ్లు, అదీ ఎవరూ ఏరకపోతే. ఐస్‌లాండ్ దగ్గర 2006లో పైకి తీసిన ఆర్కిటికా ఐలాండికా అనే గుల్లకు 507 ఏళ్లని తేలింది. మొదట 405 అన్నారు. కీలు దగ్గర గీతలు మరీ ఒత్తుగా ఉండటంతో కొన్ని లెక్క తప్పాయి, 2013లో సవరించారు.

గోదావరి వరద వచ్చినప్పుడు గుల్లలకు ఏమవుతుంది?

కోరింగ, గాడేరు పాయలు కాకినాడ అఖాతంలోకి తీపినీళ్లు తోసినప్పుడు ఉప్పదనం పడిపోతుంది. గుల్ల చిప్పలు బిగించుకుని గడ్డుకాలం గడిచేదాకా లోపలే ఉండిపోతుంది. తిండీ ప్రాణవాయువూ రెండూ ఆగిపోతాయి. ప్రాణవాయువు లేకుండా ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తుంది, దాంతో ఆమ్లాలు పేరుకుంటాయి. వాటిని విరిచేయడానికి తన చిప్ప లోపలి పూతనే కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఎసిడిటీకి మనం మాత్ర మింగినట్టే. రోజుల తరబడి ఉప్పదనం తిరిగి రాకపోతే మూకుమ్మడిగా చస్తాయి. బతికి బట్టకట్టిన వాటి చిప్పల మీద ఆ వరద ముదురు గీతగా మిగులుతుంది.

రొయ్యల చెరువులో గుల్లలు పెరిగితే ఆల్కలినిటీ (ఆమ్లాన్ని విరిచే నీటి గుణం) పడిపోతుందంటారు. నిజమేనా?

నిజమే, లెక్క వేసి చూపించవచ్చు. చిప్పలో ఒక గ్రాము సున్నం చేరితే నీళ్లలో ఒక గ్రాము ఆల్కలినిటీ (కాల్షియం కార్బొనేట్ లెక్కన) పోతుంది. ఎకరం చెరువు, 1.5 మీటర్ల లోతు అంటే సుమారు 60 లక్షల లీటర్ల నీళ్లు. అందులో గుల్లలూ నత్తలూ కలిసి 600 కిలోల చిప్ప కట్టాయంటే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ అవే మింగేశాయి. రొయ్యకు కొత్త డొప్ప గట్టిపడకపోతే మందు కోసం పరుగెత్తే ముందు అడుగున చేయి పెట్టి చూడటం మంచిది.

నీళ్లు తోడేటప్పుడు 60 మెష్ వల కట్టాం కదా అంటారు. ఆ వల కన్ను దాదాపు 0.25 మిల్లీమీటరు, తొలినాళ్ల గుల్ల పిల్ల 0.1 లోపు. తేలిగ్గా దూరిపోతుంది. పంటకూ పంటకూ మధ్య చెరువును నెర్రెలిచ్చేలా ఎండగట్టడం, పాత గుల్లల్ని ఏరించడం ఇంతకంటే నమ్మకమైన పని. పడిపోయిన ఆల్కలినిటీని పెంచడానికి వంటసోడా వాడితే 1 మిల్లీగ్రాము ఆల్కలినిటీకి 1.68 మిల్లీగ్రాముల సోడా కావాలి. పైన చెప్పిన ఎకరం చెరువులో లీటరుకు 20 మిల్లీగ్రాములు పెంచాలంటే దాదాపు 200 కిలోలు. ఒక్కసారే పోయకుండా రెండు మూడు రోజులకు పంచాలి.

కొన్ని చిప్పలు నున్నగా, కొన్ని గాళ్లు గాళ్లుగా ఎందుకుంటాయి?

మాంటిల్ అంచు ఏ ఆకారంలో ఉంటే చిప్ప ఆ ఆకారంలో వస్తుంది. అంచు ముడతలు పడి ఉంటే మొన నుంచి అంచుకు నిలువు గాళ్లు దిగుతాయి. రక్తపు గుల్లకు (టెగిల్లార్కా గ్రానోసా) ఒక్కో చిప్ప మీద గాళ్ల మధ్య గట్లు 18 దాకా ఉంటాయి, ఆ గట్ల మీద పూసల్లాంటి బొడిపెలు కూడా. దాని రక్తంలో మనలాగే హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే కోస్తే ఎరుపు. పైకప్పు రేకును అలలుగా వంచితే గట్టిపడినట్టే గాళ్లున్న చిప్ప తక్కువ సున్నంతో ఎక్కువ బలం తెచ్చుకుంటుంది, బురదలో పట్టు కూడా దొరుకుతుంది. నున్నటి మెరెట్రిక్స్ గుల్లకు ఇసుకలోకి చటుక్కున దిగడం తేలిక.

## రక్షణ

వేళ్లతో ఎంత లాగినా విడిపోదు. అంత గట్టిగా ఎలా మూసుకుంటుంది?

తలుపు తెరిచేది ఒకటి, మూసేది మరొకటి. కీలు దగ్గర రబ్బరు లాంటి పట్టీ ఉంటుంది, అది చిప్పల్ని ఎప్పుడూ తెరవడానికే చూస్తుంది. దానికి ఎదురు లాగేవి లోపల ముందొకటి, వెనకొకటి ఉండే రెండు మూసే కండరాలు. ఖాళీ చిప్ప లోపల గుండ్రటి మచ్చలు అవి అతుక్కున్న చోట్లే. ఒక్కో కండరంలో రెండు రకాల కండ ఉంటుంది. ఒకటి అలికిడికి టక్కున మూసేస్తుంది కానీ త్వరగా అలిసిపోతుంది. రెండోది నెమ్మది, ఒకసారి బిగిస్తే దాదాపు శక్తి ఖర్చు లేకుండా గంటల తరబడి అలాగే పట్టి ఉంచుతుంది. కీలు పళ్లు ఒకదాన్లో ఒకటి దిగి చిప్పలు పక్కకు జరక్కుండా ఆపుతాయి.

సున్నం పెళుసు కదా, సుద్దముక్కలా ఎందుకు విరగదు?

పేర్చిన తీరు వల్ల. చెరువు ఆల్చిప్ప లోపలి మెరుపుపొరలో అర మైక్రాను మందం పలకలు గోడలో ఇటుకల్లా వరసలు కట్టి ఉంటాయి, మధ్య మధ్య ప్రొటీను పూత. పగులు మొదలైతే ప్రతి పలకనూ చుట్టుకుని పోవాలి, దారిలోనే దాని బలం అయిపోతుంది. సముద్రపు గుల్లల్లో ఎక్కువ వాటికి ఈ మెరుపుపొర ఉండదు. వాటిలో సన్నటి సున్నపు పుల్లల వరసలు ఒకదానికొకటి అడ్డదిడ్డంగా, ప్లైవుడ్ పొరల్లా ఉంటాయి.

చిప్ప మీద డ్రిల్లు వేసినట్టు గుండ్రటి చిల్లు ఎలా పడింది?

అది వేటాడే నత్త పని. గుల్లను పాదంతో చుట్టేసి, ఆమ్లం ఉన్న స్రావంతో సున్నాన్ని మెత్తబరిచి, ఆకురాయి లాంటి నాలుకతో గీకుతుంది. మళ్లీ మెత్తబరచడం, మళ్లీ గీకడం. మందపు చిప్పకు ఒక రోజు పైనే పట్టవచ్చు. చిల్లు ఆకారం వేటగాడి ఆనవాలు: పైన వెడల్పుగా, లోపల సన్నగా, మరమేకు తల దిగే గుంటలా వాలుగా ఉంటే ఇసుకలో తిరిగే మూన్ స్నెయిల్, తిన్నగా గొట్టంలా దిగితే మ్యూరెక్స్ కుటుంబపు నత్త. చిల్లు సగంలోనే ఆగిందంటే ఆ గుల్ల ఆనాటికి తప్పించుకున్నట్టే. జల్లెడలా సన్న బెజ్జాలు చాలా ఉంటే అది స్పాంజి పని. దానికి కావలసింది ఉండటానికి చోటు, గుల్ల మాంసం కాదు.

తాడు కట్టి మెడలో వేసుకోవడానికి మాత్రం నత్త చిల్లంత సొగసుగా ఏ డ్రిల్లూ వేయలేదు.

చిప్ప పగిలితే తిరిగి అతుక్కుంటుందా?

విరిగిన ముక్క అతుక్కోదు, దాని స్థానంలో కొత్త సున్నం వస్తుంది. అంచు విరిగితే మాంటిల్ వెనక్కి జరిగి, అక్కడి నుంచి మళ్లీ కట్టుకొస్తుంది, వంకర మచ్చ మాత్రం శాశ్వతం. నడిమధ్యన చిల్లు పడితే లోపలి నుంచి ముందు సేంద్రియ పొర, తర్వాత సున్నం పూస్తుంది. అక్కడ పైతోలు, మొదటి రంగు రావు. మాంటిలే చిరిగిపోయిందా, ఆ గుల్ల బతకడం కష్టం.

ఇసుక రేణువు పడితే ముత్యం అవుతుందంటారు, ప్రతి గుల్లలోనూ ఉంటుందా?

ఇసుకలో బతికే జీవికి ఇసుక కొత్తేమీ కాదు, బయటికి ఊదేస్తుంది. సహజ ముత్యం ఎక్కువగా పురుగు తొలిచినప్పుడో, గాయమైనప్పుడో మొదలవుతుంది. మాంటిల్ కణాలు కొన్ని లోపలికి చేరి సంచిలా మూసుకుని, చిప్ప కట్టే పనిని ఆ సంచిలోనే కొనసాగిస్తాయి. అందుకే చిప్ప లోపలి భాగం ఎలా ఉంటే ముత్యమూ అలాగే ఉంటుంది. మెరుపుపొర లేని తినే గుల్లలో దొరికేది పింగాణి పూసలాంటిది, దానికి సాధారణంగా గిరాకీ ఉండదు. లామెల్లిడెన్స్ ఆల్చిప్పకు మెరుపు ఉంది కాబట్టే మంచినీటి ముత్యాల సాగుకు దాన్ని వాడతారు.

సముద్రం ఆమ్లంగా మారుతోందంటున్నారు. చిప్పలు కరిగిపోతాయా?

పెద్దవి ఇప్పటికిప్పుడు కరిగిపోవు, దెబ్బ పిల్లలకు. పరిశ్రమలు రాకముందు సుమారు 8.2 ఉన్న సముద్రపు పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లగుణం పెరిగినట్టు) ఇప్పుడు 8.1. అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆమ్ల అయాన్లు దాదాపు 30 శాతం పెరిగినట్టు. తొలి రెండు రోజుల్లో లార్వా తన గుడ్డులోని కొద్దిపాటి కొవ్వును ఖర్చు చేసి చిప్ప కట్టాలి. నీళ్లు సహకరించకపోతే ఆ ఖర్చు పెరిగి, తినడం మొదలుపెట్టే లోపే చస్తుంది. 2007, 2008 ప్రాంతంలో అమెరికాలోని ఒరెగాన్ తీరపు ఓ ఆయిస్టర్ హాచరీలో లార్వాలు కుప్పలుగా చనిపోయాయి. అడుగు నుంచి పైకి ఉబికిన ఆమ్లపు నీళ్లే కారణమని తేలాక, నీటిలో సోడియం కార్బొనేట్ కలిపి నెట్టుకొచ్చారు.

## వంటింట్లో, ఖాళీ చిప్పతో

చచ్చిన గుల్ల ఎందుకు నోరు తెరుస్తుంది? వండే ముందు ఏవి పారేయాలి?

కండరం పట్టు వదిలేస్తే కీలు పట్టీ తన పని తాను చేస్తుంది, చిప్పలు తెరుచుకుంటాయి. వండే ముందు తెరిచి ఉన్నదాన్ని వేలితో తట్టండి. మూసుకుంటే బతికుంది, లేకపోతే పారేయండి. చిప్ప పగిలినవి, వాసన వచ్చేవి కూడా అంతే. మరీ బరువుగా తగిలేది బురద నిండిన ఖాళీ చిప్ప కావచ్చు, అలాంటిది ఒక్కటి కుండలో పడినా పులుసంతా పాడు. ఉడికేటప్పుడు కండరం చిప్ప నుంచి ఊడిపోవడం వల్ల తెరుచుకుంటాయి.

గుల్ల సున్నం, రాతి సున్నం ఒకటేనా?

రసాయనం ఒకటే. చిప్పల్ని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది, 100 కిలోల చిప్పకు మహా అయితే 56 కిలోలు. నీళ్లు చల్లితే కుతకుతలాడి తడిసున్నం అవుతుంది. తమలపాకుకు రాసేది అదే. మధ్యలో కాలని గుండె మిగిలితే సున్నం పలుకులుగా వస్తుంది, పెద్ద చిప్పలూ చిన్న చిప్పలూ కలిపి బట్టీలో వేయడం వల్ల వచ్చే చిక్కు ఇది. నీళ్లు పోసేటప్పుడు కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

చిప్ప నిజంగా సున్నమేనని ఇంట్లో ఎలా చూపించాలి?

చిన్న చిప్పను వెనిగర్‌లో వేయండి, బుడగలు వస్తాయి. 5 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లు 4 గ్రాముల చిప్పను మాత్రమే కరిగించగలదు, కాబట్టి పెద్ద చిప్ప వేసి కరగలేదనకండి. రోజుకోసారి వెనిగర్ మార్చాలి. పైతోలు బాగా ఉన్న చెరువు ఆల్చిప్పతో చేస్తే చివరికి సున్నం పోయి, గోధుమ రంగు తోలు చిప్ప ఆకారంలోనే తేలుతుంది.

ఏరుకొచ్చిన చిప్పల వాసన పోవాలంటే?

కీలు పట్టీ దగ్గర మిగిలిన కండే వాసనకు మూలం. ఒక రోజు మంచినీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఆ మూల తోమి, నీడలో ఆరబెట్టండి. బ్లీచింగ్‌లో రాత్రంతా వదిలేస్తే పైతోలు ఊడి, రంగు వెలిసిపోతుంది. నిమ్మరసం, చింతపండు అసలే వద్దు, మెరుపంతా పోయి గరుకుగా మిగులుతుంది. అండమాన్, లక్షద్వీప్ వెళ్లినవాళ్లు అక్కడి జెయింట్ క్లామ్ చిప్పను సంచిలో వేసుకోకూడదు. అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత జాతి, ఖాళీ చిప్ప అయినా సరే.